సింఫనీ సీజన్‌లో ఏ కచేరీకి వెళ్లాలో ఎంచుకోవడం ఎలా?

ఆర్కెస్ట్రా సీజన్ బ్రోచర్ (ఆ సీజన్‌లో జరిగే కచేరీల వివరాల పుస్తకం) చేతికి రాగానే థీమ్ పేర్లు చూసి మురిసిపోకండి. 'ప్రకృతి', 'విధి', 'ప్రేమ' లాంటివి టికెట్లు అమ్ముకోవడానికి పెట్టే పేర్లే ఎక్కువ, అసలు సంగతి కింద చిన్న అక్షరాల్లో ఉండే రచనల జాబితాలో ఉంటుంది. చాలా కచేరీల వరస ఒకటే: ఆరంభంగా వాయించే చిన్న రచన ఓవర్చర్, ఒక సోలో వాద్యం ముందుండి ఆర్కెస్ట్రా తోడుగా సాగే కన్సర్టో, విరామం, ఆపైన కొన్ని భాగాలుగా సాగే పెద్ద సింఫనీ.

నిడివి చూసుకోండి. స్వరకర్త బీథోవెన్ ఐదో సింఫనీ అరగంట పైచిలుకులో అయిపోతుంది, మాలర్ మూడోది గంటన్నర పట్టేస్తుంది, కొత్తవాళ్లకు అది కాస్త ఎక్కువే. నన్నడిగితే 1893లో తొలిసారి వినిపించిన ద్వొరాక్ తొమ్మిదో సింఫనీతో మొదలుపెట్టండి, రెండో భాగంలో ఇంగ్లిష్ హార్న్ అనే ఊదే వాద్యం మీద వచ్చే ఆ నెమ్మదైన బాణీ కోసమైనా వెళ్లొచ్చు. ముందు ఇంట్లో ఒకసారి వినేసి వెళ్తే ఇంకా మంచిది.

చప్పట్లు ఎప్పుడు కొట్టాలా అని టెన్షన్ వద్దు, భాగాల మధ్య కొట్టకుండా, ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ చేతులు దించి మీవైపు తిరిగేదాకా ఆగండి. చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ దగ్గర మాత్రం జాగ్రత్త: మూడో భాగం ఎంత ఆర్భాటంగా ముగుస్తుందంటే, అయిపోయిందనుకుని చాలామంది చప్పట్లు కొట్టేస్తారు, ఇంకో భాగం మిగిలే ఉంటుంది!

సీటు మరీ ముందు వరసలో వద్దు. వయొలిన్ల వెనకున్న ఇత్తడి వాద్యాలు సరిగా కనిపించవు.