ఏ-ఫ్రేమ్ మీంచి దూకేసే మా బాక్సర్

మా బాక్సర్ జాతి కుక్క బ్రూనోకి బలం ఎక్కువ, ఓపిక తక్కువ. అజిలిటీ (కుక్కలు అడ్డంకులు దాటుతూ పరుగెత్తే ఆట) సాధనలో ఏ-ఫ్రేమ్, అంటే రెండు వాలు పలకల్ని 'A' ఆకారంలో నిలబెట్టిన అడ్డంకి, ఎక్కడమే ఆలస్యం, దిగేవైపు పసుపు రంగు వేసిన భాగం తొక్కకుండా పైనుంచే దూకేసేవాడు. పోటీలో అది తప్పు కింద లెక్క. నా భయం మాత్రం ముందరి కాళ్ల కీళ్ల గురించే.

ఏ-ఫ్రేమ్ పక్కనపెట్టి ఇంటి మెట్టు దగ్గర మొదలుపెట్టాను. వెనక కాళ్లు మెట్టుమీద, ముందు కాళ్లు నేలమీద ఉంచి ఆగితేనే ఉడికించిన చికెన్ ముక్క. చేత్తో పైనుంచి అందిస్తే తలెత్తి మెట్టు దిగిపోతాడు; అందుకే ముక్కను నేలమీద, ముందు కాళ్ల మధ్యే పెట్టేదాన్ని. కిటుకంతా ఇక్కడే ఉంది. తర్వాత వాలుగా వేసిన చెక్క, ఆపైన బాగా కిందికి దించిన ఏ-ఫ్రేమ్. ఇప్పుడు పూర్తి ఎత్తు నుంచి పరుగున దిగినా కింద టక్కున ఆగి, నేను "సరే" అనేదాకా నా వంకే చూస్తాడు.

ఎదిగే వయసు కుక్కలతో ఎత్తులు దూకించొద్దు, ఎముకలు ఇంకా ముదరవు. బాక్సర్‌ది పొట్టి ముక్కు, వేడికి తొందరగా ఆయాసం వస్తుంది కాబట్టి ఎండ పొడ తగలకముందే సాధన ముగించండి.