బోరు నీళ్లలోనూ నురగ వచ్చే కొబ్బరి నూనె సబ్బు ఇంట్లో ఎలా చేయాలి?

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో బోరు నీళ్లతో స్నానం చేసేవాళ్లకు ఇది కొత్త కాదు. ఎంత రుద్దినా నురగ సరిగా రాదు, బకెట్ అంచుకు మాత్రం తెల్లటి తెట్టు పడుతుంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి చేసే పని అది. కొబ్బరి నూనె సబ్బు ఈ నీళ్లకు అంత తేలిగ్గా లొంగదు. ఆ నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. దానితో అయ్యే సబ్బు నీళ్లలో తొందరగా కరుగుతుంది, సముద్రపు నీళ్లలో కూడా నురగ ఇస్తుంది.

చిక్కు కూడా అక్కడే ఉంది. అది మురికితో పాటు ఒంటికి ఉండాల్సిన జిడ్డును కూడా లాగేస్తుంది. అందుకే ‘నూటికి నూరు శాతం కొబ్బరి నూనె’ అని గొప్పగా చెప్పే సబ్బు చలికాలంలో కాళ్లు తెల్లగా పగిలేవాళ్లకు నేనైతే ఇవ్వను. మొత్తం నూనెలో కొబ్బరి నూనె 30 శాతం ఉంటే చాలు.

కావలసినవి

కొబ్బరి నూనె 150 గ్రాములు, పామాయిల్ 200, పల్లి నూనె 100, ఆముదం 50, కాస్టిక్ సోడా 71, నీళ్లు 160 గ్రాములు. అన్నీ డిజిటల్ కాంటా మీద తూచాల్సిందే, గ్లాసులు, స్పూన్ల లెక్క ఇక్కడ పనికిరాదు.

పామాయిల్ సబ్బుకు గట్టిదనం ఇస్తుంది, ఆముదం నురగను నిలుపుతుంది. ఒక నూనె బదులు ఇంకొకటి పోయాలంటే కాస్టిక్ లెక్క మళ్లీ వేయాలి. కొబ్బరి నూనె గ్రాముకు సుమారు 0.183 గ్రాముల కాస్టిక్ కావాలి, పల్లి నూనెకు 0.136 చాలు. పై కొలతలో 5–6 శాతం నూనె సబ్బు కాకుండా మిగిలేలా లెక్క వేశాం. 100 గ్రాముల కొబ్బరి నూనె తీసేసి అంతే పల్లి నూనె పోస్తే దాదాపు 5 గ్రాముల కాస్టిక్ ఎక్కువవుతుంది, మనం వదిలిన ఆ జాగా అంతా దానికే పోతుంది.

తలకు రాసుకునే సువాసన నూనెలు కొనొద్దు. కొన్నింటిలో మినరల్ ఆయిల్ కలుపుతారు, అది ఎన్ని రోజులైనా సబ్బు కాదు. వంటకు వాడదగినదని రాసి ఉన్న అచ్చమైన కొబ్బరి నూనె తీసుకోండి. డ్రైనేజీ పైపులు శుభ్రం చేసే పొడిని కాస్టిక్ సోడా అనుకుని వాడొద్దు, అందులో వేరే పదార్థాలు ఉంటాయి. నీళ్లకు డిస్టిల్డ్ వాటర్ మంచిది, బోరు నీళ్లు మాత్రం వద్దు.

తయారీ

1. చేతులకు రబ్బరు గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. పిల్లలు లేని, గాలి ఆడే చోట చేయండి. స్టీలు గిన్నె వాడాలి. అల్యూమినియం గంజులో పోస్తే కాస్టిక్ దాన్ని తినేస్తుంది, మండే హైడ్రోజన్ వాయువు వస్తుంది.

2. నీళ్లలో కాస్టిక్‌ను కొంచెం కొంచెంగా వేస్తూ కలపాలి. కాస్టిక్ మీద నీళ్లు ఎప్పుడూ పోయకూడదు, ఉడికి పైకి చిమ్ముతుంది. ద్రావణం 80 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, ఆవిరి పీల్చకండి. చర్మం మీద పడితే వెంటనే ధారగా నీళ్లతో చాలాసేపు కడగాలి. నిమ్మరసం, వెనిగర్ రాయొద్దు. కంట్లో పడితే కడుగుతూనే ఆస్పత్రికి వెళ్లాలి.

3. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబర్‌లో ఆదిలాబాద్ వైపు అయితే సీసాలోంచి రానే రాదు, వేడి నీళ్లలో పెట్టి కరిగించండి. నూనెలన్నీ కలిపి 40 డిగ్రీల దగ్గరికి తేవాలి, కాస్టిక్ నీళ్లూ అదే వేడికి చల్లారాలి. ఎండాకాలంలో అది త్వరగా చల్లారదు, ఆ గిన్నెను చల్లటి నీళ్ల టబ్బులో కదలకుండా పెట్టండి.

4. కాస్టిక్ నీళ్లను నూనెలో పోసి హ్యాండ్ బ్లెండర్‌తో ఆపి ఆపి తిప్పండి. మిశ్రమం దోసె పిండిలా చిక్కబడి, పైన గీత గీస్తే చెదరకుండా నిలవాలి.

5. పసుపు వేయాలంటే ఇప్పుడు పావు చెంచా వేయండి. వెంటనే ఎర్రబడితే కంగారు పడొద్దు, పసుపులో సున్నం కలిపితే ఎర్రనయ్యేది కూడా ఇందుకే. తర్వాత రంగు మారుతుంది.

6. బటర్ పేపర్ పరిచిన చెక్క పెట్టెలో లేదా ప్లాస్టిక్ డబ్బాలో పోయండి. చలికాలంలో పాత దుప్పటి చుట్టండి. మే నెలలో ఏదీ కప్పొద్దు, లోపలి వేడికి మధ్యలో పగులుతుంది.

7. ఒకటి రెండు రోజులకు గట్టిపడ్డాక, గ్లవ్స్ వేసుకునే, ముక్కలు కోయండి. ఎండ తగలని చోట ఎడంగా పేర్చి కనీసం 4 వారాలు ఆరనివ్వాలి. కోసినప్పుడు లోపల అక్కడక్కడా ద్రవం నిలిచి కనిపిస్తే ఆ సబ్బు ఒంటికి వాడొద్దు.

అంట్లకూ బట్టలకూ అయితే కొబ్బరి నూనె ఒక్కటే చాలు: 500 గ్రాముల నూనె, 90 గ్రాముల కాస్టిక్, 200 గ్రాముల నీళ్లు. ఇది తొందరగా రాయిలా బిగుస్తుంది కాబట్టి తెల్లారేదాకా ఆగకుండా, పెట్టెలోంచి తీయడానికి వీలైన వెంటనే కోసేయండి. ఆలస్యమైతే కత్తి పెట్టగానే పెళ్లలుగా విరుగుతుంది.