కాలనీ సంఘం బాధ్యత తీసుకుంటున్నారా? ముందు మోరీలు చూడండి

హన్మకొండలోనో కాజీపేటలోనో మీ కాలనీ సంఘానికి అధ్యక్షుడిగా ఉండమని ఎవరో అడిగేదాకా ఆగకండి, మీరే ముందుకు రండి. పేరు ఇచ్చే ముందు మాత్రం ఒక సాయంత్రం కాలనీ అంతా నడవండి. మోరీ ఎక్కడ పూడింది, వాన నీళ్లు ఎటు పోవాలి, ఎక్కడ గోడ కట్టి దారి మూసేశారు, ఏ స్తంభానికి లైటు వెలగట్లేదు, అన్నీ ఫోన్‌లో ఫోటోలు తీసి పెట్టుకోండి. 2020 ఆగస్టులో, 2023 జూలైలో ఇళ్లలోకి నీళ్లొచ్చిన కాలనీల వాళ్లకు ఇది ఎందుకో చెప్పక్కర్లేదు. పూడిక తీయించడానికి మే నెలలోనే మున్సిపల్ వాళ్ల వెంటపడాలి.

సంఘం రిజిస్టర్ కాకపోతే 2001 నాటి సొసైటీల చట్టం కింద చేయించండి, కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. బ్యాంకు ఖాతా సంఘం పేరు మీదే, ఇద్దరి సంతకాలతో.

అసలు పనంతా కాగితాల్లో ఉంటుంది. పారిశుధ్యం చూసే మున్సిపల్ జవాన్‌కో, అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ)కో నోటిమాటగా చెప్పి వదిలేయకండి. అర్జీ రెండు కాపీలు రాసి, ఒకదాని మీద అందినట్టు తేదీతో ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకుని ఫైల్‌లో పెట్టండి. సోమవారం అధికారులు జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి ఒక్కరే పోవద్దు, ఆ గల్లీ ఆడవాళ్లను నలుగురిని తీసుకెళ్లండి, నీళ్ల బాధ వాళ్లు చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు.

చందా లెక్క నెలనెలా రాసి గుడి దగ్గర అంటించండి, చీపురు కొన్నా సరే. చాలాచోట్ల కిరాయికి ఉండేవాళ్లను మీటింగ్‌కు పిలవరు, అది అన్యాయం. వాళ్లూ అదే బురదలో నడుస్తున్నారు కదా. మొదటి పనిగా బతుకమ్మ ఆడే జాగాకు లైట్లు పెట్టించండి, ఆ తర్వాత మీటింగ్ అంటే జనం వాళ్లే వస్తారు.