షిప్పెక్కిన మొదటి నెల: కొత్త క్యాబిన్ స్టీవార్డ్ తెలుసుకోవాల్సినవి

క్రూజ్ షిప్‌లో గెస్టుల గదులు శుభ్రం చేసి సర్దే క్యాబిన్ స్టీవార్డ్‌కి ఆదివారం ఉండదు, పండగ ఉండదు. ఆరు నుంచి తొమ్మిది నెలల కాంట్రాక్ట్‌లో రోజూ డ్యూటీయే. రోజుకు పది, పదకొండు గంటల పనికి అలవాటు పడొచ్చు. మొదటి నెలలో మనిషి కుదేలయ్యేది ఎక్కువగా నిద్ర చాలకే. కింద చెప్పిన చిట్కాల్లో సగం, సరిగ్గా చూస్తే, నిద్ర మిగుల్చుకునే మార్గాలే.

ఎక్కకముందు

కావాల్సిన కాగితాలు: పాస్‌పోర్టు, ఇండోస్ నంబరు (నావికుల జాబితాలో మీ గుర్తింపు సంఖ్య), ఎస్‌టీసీడబ్ల్యూ అనే అంతర్జాతీయ నావిక శిక్షణ ప్రమాణం ప్రకారం ప్రాథమిక కోర్సులు (సముద్రంలో ప్రాణరక్షణ, అగ్నిమాపకం, ప్రథమ చికిత్స, వ్యక్తిగత భద్రత, వీటితోపాటు సెక్యూరిటీ కోర్సు), సీడీసీ పుస్తకం (నావికుడి గుర్తింపు, సర్వీసు పుస్తకం), మెడికల్ సర్టిఫికెట్. అమెరికా రేవుల్లో తిరిగే షిప్పయితే షిప్పు సిబ్బందికిచ్చే సీ1/డీ వీసా కావాలి, దానికి ఇంటర్వ్యూ హైదరాబాద్ కాన్సులేట్‌లోనే ఇవ్వొచ్చు. ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. వేసుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది కాబట్టి జాయినింగ్ తేదీ వచ్చేదాకా ఆగకండి.

ఏజెంటు దగ్గరికి వెళ్లే ముందు అతని ఆర్‌పీఎస్‌ఎల్ (నావికులను ఉద్యోగాల్లో పెట్టే ఏజెంట్ల లైసెన్సు) నంబరును కేంద్ర ప్రభుత్వ నౌకాయాన శాఖ డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో వెతకండి. నంబరు దొరక్కపోతే అక్కడితో ఆపేయండి. మన దేశం 2015లో ఆమోదించిన నావిక కార్మిక ఒప్పందం, అంటే ఎంఎల్‌సీ 2006 ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు మీ దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదు. పాస్‌పోర్టు, సీడీసీ, మెడికల్ ఖర్చు మీరు పెట్టుకోవాలి. వీసా ఖర్చు మాత్రం కంపెనీదే. "సీటు ఖాయం, రెండు లక్షలు కట్టు" అన్నవాడు ఎంత దగ్గరి చుట్టమైనా సరే, దండం పెట్టి వచ్చేయండి.

పెట్టెలో ఏం పెట్టుకోవాలి? జారని అడుగున్న నల్ల బూట్లు రెండు జతలు. సాయంత్రానికి పాదాలు వాస్తాయి కనుక మధ్యాహ్నం దాటాక వెళ్లి కొనండి, సైజు సరిగ్గా తెలుస్తుంది. కొక్కేలున్న అయస్కాంతాలు ఓ అరడజను: క్యాబిన్ గోడలు ఇనుప రేకువి, మేకు కొట్టే పని లేకుండా తువ్వాలు, ఐడీ కార్డు, టోపీ అన్నీ వాటికే వేలాడతాయి. ముళ్లున్న మామూలు చేతి గడియారం ఒకటి. ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఇస్త్రీపెట్టె, కెటిల్, రైస్ కుక్కర్ మాత్రం వద్దు. షిప్పెక్కే వంతెన, అంటే గ్యాంగ్‌వే దగ్గర స్కానర్‌లో కనిపించగానే తీసేసుకుంటారు. షిప్పులో అన్నిటికన్నా పెద్ద భయం నిప్పే.

ఆవకాయ సంగతి అడక్కుండా ఉండరు కదా. క్రూ మెస్‌లో, అంటే సిబ్బంది భోజనశాలలో రోజూ అన్నం ఉంటుంది, భారతీయులు ఎక్కువున్న షిప్పుల్లో పప్పు, కూర కూడా పెడతారు. పచ్చడి తీసుకెళ్లాలంటే సీసా వద్దు, ఫ్యాక్టరీలో సీలు చేసిన చిన్న ప్యాకెట్లు పెట్టుకోండి. విమానంలో నూనె కారిందంటే యూనిఫాం కింద వేసుకునే తెల్ల బనియన్లన్నీ పోయినట్టే. కస్టమ్స్ కాగితంలో తినే వస్తువులున్నాయని తప్పకుండా రాయండి. ఆస్ట్రేలియాలో దిగేవాళ్లు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి.

మొదటి రెండు రోజులు

క్యాబిన్ కార్డు మీద మీ ఎమర్జెన్సీ నంబరు, మస్టర్ స్టేషన్ (ప్రమాదం వస్తే మీరు చేరాల్సిన చోటు), మీ పని ఏంటో రాసి ఉంటుంది. పేరు చెప్పినంత తేలిగ్గా అది నోటికి రావాలి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడవు కూత వినిపిస్తే జనరల్ ఎమర్జెన్సీ. మీ క్యాబిన్ నుంచి స్టేషన్‌కి లిఫ్టు వాడకుండా రెండు దారుల్లో నడిచి చూసుకోండి. ఒకసారి మామూలుగా, ఒకసారి ఒక చెయ్యి గోడకి ఆనించి, చీకట్లో వెళ్తున్నట్టు ఊహించుకుంటూ. అగ్ని ప్రమాదానికి, మనిషి నీళ్లలో పడినందుకు వాడే కోడ్ మాటలు కంపెనీకో రకం. పాత కంపెనీలో నేర్చుకున్నవి ఇక్కడ చెల్లవు.

క్రూ తిరిగే కింది డెక్కుల్లో నీరు చొరబడని తలుపులుంటాయి. ఇవి లిఫ్టు తలుపుల్లాంటివి కావు, మధ్యలో మనిషి ఉన్నాడని ఆగవు. హైడ్రాలిక్ బలంతో మూసుకుంటూనే పోతాయి. దాటే పద్ధతి ఇది: లివర్‌ను తెరిచే వైపు పట్టి ఉంచి, తలుపు పూర్తిగా తెరుచుకునేదాకా నిలబడండి. రెండో చెయ్యి చాచి అవతలి లివర్‌ను కూడా తెరిచే వైపే పట్టుకోండి. రెండూ చేతుల్లో ఉండగానే దాటి, అప్పుడు వదలండి. అంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. దుప్పట్ల మూటతోనో ట్రాలీతోనో ఒంటరిగా దాటకూడదు, రెండో మనిషిని పిలవాలి. సగం తెరుచుకోగానే పక్కకి తిరిగి దూరిపోవడమనే అలవాటు పాతవాళ్లలో కనిపిస్తుంది. అది మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకోకండి.

ఇక పేర్ల గొడవ. షిప్పు పొడవునా సాగే క్రూ కారిడార్‌ని చాలా చోట్ల ఐ-95 అంటారు, అమెరికా తూర్పు తీరం హైవే పేరు అది. అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లు క్రూకి ఇచ్చే ల్యాండింగ్ పర్మిట్ ఫారం నంబరు కూడా ఐ-95. మన నావిక పుస్తకం సీడీసీ. షిప్పును తనిఖీ చేసే అమెరికా ఆరోగ్య సంస్థ కూడా సీడీసీ. "సీడీసీ వచ్చింది" అని ఎవరన్నా కంగారుగా చెప్తే అది మీ పుస్తకం గురించి కాదు.

రోజు ఎలా నడుస్తుంది

స్టీవార్డ్ రోజు రెండు ముక్కలు. ఉదయం 7:30 నుంచి మధ్యాహ్నం 1:30 దాకా ఒకటి, సాయంత్రం 5:30 నుంచి రాత్రి పది వరకు టర్న్‌డౌన్, అంటే గెస్టులు పడుకునే ముందు క్యాబిన్ మళ్లీ సర్దడం. ఒక సెక్షన్‌లో ఎన్ని క్యాబిన్లన్నది కంపెనీని బట్టి, అసిస్టెంటు ఉన్నాడా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది.

మామూలు రోజున ఒక క్యాబిన్‌కి 15 నుంచి 20 నిమిషాలకు మించితే మధ్యాహ్నం విశ్రాంతి కరిగిపోతుంది. వేగమంతా వరుసలోనే ఉంది. తలుపు తట్టి, పిలిచి, ఆగి లోపలికి వెళ్లాక ముందు చెత్త, వాడిన తువ్వాళ్లు, గ్లాసులు బయటకు తీయండి. వెంటనే బాత్‌రూమ్‌లో క్రిమిసంహారకం కొట్టి వదిలేయండి. ఆ మందు డబ్బా మీద కాంటాక్ట్ టైమ్ అని నిమిషాలు రాసి ఉంటాయి. అంతసేపు ఆ చోటు తడిగా ఉంటేనే క్రిములు చస్తాయి. కొట్టిన మరుక్షణం తుడిచేస్తే మిగిలేది వాసనే. ఆ నిమిషాల్లో మంచం సర్దండి, పైనుంచి కిందికి దుమ్ము తుడవండి. అప్పుడు తిరిగి బాత్‌రూమ్‌కి రండి: అద్దం, సింకు, షవర్, అన్నిటికన్నా చివర టాయిలెట్. టాయిలెట్ గుడ్డ వేరే రంగుది, అది మరో చోట తగలకూడదు. చివర్లో లోపలి నుంచి తలుపు వైపు వాక్యూమ్ చేస్తూ బయటపడాలి.

మంచం సర్దేటప్పుడు నడుం వంచకుండా మోకాళ్లు వంచండి. పరుపును ఒక చేత్తో నాలుగు వేళ్ల ఎత్తు లేపితే చాలు, దుప్పటి అంచును రెండో చేత్తో అరచెయ్యి కిందికి ఉండేలా లోపలికి తోయండి. అరచెయ్యి పైకి పెడితే మంచం చట్రానికి వేలి గణుపులు చెక్కుకుపోతాయి. ఒక పక్క తలవైపు, కాళ్లవైపు రెండు మూలలూ పూర్తిచేశాకే అవతలి పక్కకి వెళ్లండి. ఒక్కో మూలకీ మంచం చుట్టూ తిరగడం మొదలైతే రోజుకి ఎన్ని ప్రదక్షిణలవుతాయో లెక్కేసుకోండి.

బాల్కనీ తలుపు తెరిచి ఉండగా క్యాబిన్ తలుపు తీయకండి. రెండింటి మధ్య గాలి దూసుకొచ్చి బరువైన తలుపు ఫట్‌మని కొట్టుకుంటుంది. వేళ్లు నలిగేది ఇక్కడే. టాయిలెట్లు గాలితో లాగే వ్యాక్యూమ్ రకం. అందులో గుడ్డముక్కో వైప్స్ కాగితమో పడితే మీ క్యాబిన్‌తోపాటు ఆ వరుసలోని మిగతావి కూడా పనిచేయడం మానేస్తాయి, ఆ క్యాబిన్ల వాళ్లందరి ఫోన్లూ అప్పుడు మీకే.

తువ్వాళ్లతో బొమ్మలు చేయడం మొదటి వారంలోనే ఐదారు నేర్చుకోండి. ఏనుగుకి ఒక పెద్ద తువ్వాలు, ఒక చేతి తువ్వాలు సరిపోతాయి.

గెస్టులు మారే రోజు

పాత గెస్టులు ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో దిగిపోతే, కొత్తవాళ్లకు ఒంటిగంటన్నర ప్రాంతంలో క్యాబిన్లు ఇవ్వాలి. మధ్యలో సెక్షన్ మొత్తం కొత్తగా తయారవ్వాలి. ఈ రోజున ఒక్కో క్యాబిన్ పూర్తిచేసుకుంటూ పోతే దెబ్బతింటారు. ముందు అన్ని క్యాబిన్లలో దుప్పట్లు, తువ్వాళ్లు ఊడదీసి సంచుల్లో కట్టి పంపేయండి. పదింటికల్లా సర్వీసు లిఫ్టు దగ్గర సంచుల కొండ పేరుకుంటుంది. ఆలస్యమైతే మీ మూటలు కారిడార్‌లోనే ఉంటాయి, సూపర్‌వైజర్ కూడా అక్కడే ఉంటాడు.

ముందురోజు రాత్రే కొత్త గెస్టుల జాబితా తీసుకుని, ఏ క్యాబిన్‌లో మంచాలు కలపాలో ఎందులో విడదీయాలో గుర్తు పెట్టుకోండి. సమయం తినేది ఈ పనే. డ్రాయర్లు, సేఫ్, మంచం కింద, తలుపు వెనక కొక్కెం చూసి, దొరికిన ప్రతి వస్తువునూ క్యాబిన్ నంబరుతో అప్పగించండి. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టండి. పిల్లలు వస్తుంటే వాళ్ల సైజువి ఉన్నాయో లేదో చూడటం కూడా ఈ పనిలో భాగమే.

గంటల లెక్క, నిద్ర లెక్క

ఎంఎల్‌సీ ప్రకారం ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏడు రోజుల్లో 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ 10 గంటలను రెండు ముక్కలకు మించి చేయకూడదు, అందులో ఒకటి ఆరు గంటలకు తగ్గకూడదు. డ్యూటీ అయిపోయిందని పంచ్ అవుట్ కొట్టేసి వెళ్లి మిగిలిన రెండు క్యాబిన్లు పూర్తిచేయడం కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు. కాగితం మీద మీరు విశ్రాంతిలో ఉన్నట్టుంటుంది. మీ సెక్షన్‌కి మనిషి చాలడం లేదన్న సంగతి ఎవరికీ తెలియదు, వచ్చే నెల అదే మీ మామూలు పనైపోతుంది.

పదకొండుకి పడుకుని ఆరున్నరకి లేస్తే రాత్రి ఏడున్నర గంటల నిద్ర. మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు దాకా ఇంకో కునుకు. ఆ కునుకుని రేవులో షికారుకి ఖర్చుపెట్టాలంటే వారానికి రెండుసార్లు చాలు. డ్రిల్లు ఉన్న ముందురాత్రి క్రూ బార్ వద్దు. ప్యాసింజర్ షిప్పుల్లో డ్రిల్లులు వారం వారం జరుగుతాయి, ఉదయం గంట పోతే ఆ పనంతా మధ్యాహ్నం మీద పడుతుంది. మందు విషయంలో ఎస్‌టీసీడబ్ల్యూ పరిమితి రక్తంలో 0.05 శాతం, చాలా కంపెనీలది ఇంకా తక్కువ. చెప్పకుండా పరీక్ష చేస్తారు, దొరికితే తర్వాతి రేవులో దింపేస్తారు.

ఫోన్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆపేయండి. రేవు దగ్గరికి రాగానే ఫోన్ ఊరి టైమ్ పట్టుకుంటుంది, డ్యూటీ మాత్రం షిప్ టైమ్ మీద నడుస్తుంది. చేతి గడియారం పెట్టుకోమన్నది ఇందుకే. గడియారం గంట ముందుకి జరిపే రాత్రుల్లో గంట ముందే పడుకోండి. రేవులో దిగే ముందు మీకు ఇన్‌పోర్ట్ మ్యానింగ్ డ్యూటీ లేదని బోర్డు మీద చూసుకోండి. ఉంటే భద్రత కోసం మీరు షిప్పు మీదే ఉండాలి.

కడుపు పాడైతే

24 గంటల్లో మూడుసార్లు విరేచనాలైనా, వాంతితోపాటు జ్వరమో కడుపునొప్పో ఉన్నా వెంటనే మెడికల్‌కి, అంటే షిప్పులోని వైద్య కేంద్రానికి ఫోన్ చేయాలి. నడిచి వెళ్లకండి. అమెరికా సీడీసీ నిబంధనల ప్రకారం లక్షణాలు పోయాక ఆహారం ముట్టుకునేవాళ్లు 48 గంటలు, మిగతావాళ్లు 24 గంటలు విడిగా ఉండాలి. ఆ గదిలో కూర్చోవడం విసుగే, దాచిపెట్టి పనిచేస్తే మాత్రం ఉద్యోగం పోతుంది. నోరోవైరస్ మీద చేతికి రాసుకునే శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బుతో 20 సెకన్లు కడగడమే మందు. గెస్టు క్యాబిన్‌లో వాంతి కనిపిస్తే మామూలు గుడ్డతో తుడవకండి. తలుపు మూసి, ఫోన్ చేసి, ప్రత్యేక బృందం వచ్చేదాకా ఆగండి.

ఈ అమెరికా సీడీసీయే చెప్పకుండా తనిఖీకి వస్తుంది. వందకి 86 వస్తే పాసు, 85 వస్తే ఫెయిలు. పేరు రాయని స్ప్రే సీసా కూడా వాళ్ల కంట పడుతుంది.

అలలకు తల తిరిగితే ఖాళీ కడుపుతో ఉండకండి. పొడి బిస్కెట్లు, పచ్చి యాపిల్ తినమనేది షిప్పుల్లో అందరూ చెప్పే మాట. మాత్ర కావాలంటే మెడికల్‌లో అడగండి. కొన్ని మాత్రలు నిద్ర తెప్పిస్తాయి కాబట్టి డ్యూటీలో ఉన్నారని చెప్పి తీసుకోండి.

దిగే రోజు

సీడీసీ పుస్తకంలో సైన్ ఆన్ (ఎక్కిన), సైన్ ఆఫ్ (దిగిన) తేదీలు, ముద్ర, సంతకం గ్యాంగ్‌వే దిగకముందే చూసుకోండి. ఉద్యోగం కోసం దేశం విడిచి షిప్పెక్కిన భారత పౌరుడు ఆ ఆర్థిక సంవత్సరంలో దేశంలో ఉన్న రోజులు 182కి తక్కువుంటే, ఆదాయపు పన్ను లెక్కలో మామూలుగా ఎన్‌ఆర్‌ఐ హోదా వస్తుంది. విదేశీ ప్రయాణం చేసే షిప్పు సిబ్బంది విషయంలో దేశంలో లేని రోజుల్ని లెక్కపెట్టేది ఈ తేదీలతోనే. తప్పుపడిన తేదీని షిప్పు మీద ఐదు నిమిషాల్లో సరిచేయించుకోవచ్చు. ఇంటికొచ్చాక అదే పనికి నెలల తరబడి మెయిళ్లు రాయాల్సి వస్తుంది. పాస్‌పోర్టు ముద్రలున్న పేజీలకి, సీడీసీ పేజీకి ఫోటో తీసి పెట్టుకోండి.