ఆర్‌సీ హెలికాప్టర్ చేతికి కుదరడం లేదా? తప్పు స్టిక్కుల్లో ఎక్కడుందో ఇలా పట్టుకోండి

హోవర్‌లో, అంటే గాల్లో ఒకేచోట నిలబెట్టినప్పుడు, హెలికాప్టర్ నిలకడగా ఉండకపోతే చాలామంది నేరుగా ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో స్పందనను మెత్తబరిచే సెట్టింగ్) మెనూలోకి వెళ్తారు, అది కుదరకపోతే జైరో గెయిన్ (జైరో ఎంత గట్టిగా దిద్దాలో చెప్పే అంకె) తిప్పుతారు. నిజానికి ఆ రెండూ చివర్లో ముట్టుకోవాల్సినవి. ముందు వేళ్లు స్టిక్కుల మీద ఎలా ఉన్నాయో చూడాలి. తర్వాత గింబల్ (స్టిక్ తిరిగే కీలు భాగం) స్ప్రింగులు, ఆపైన ట్రాన్స్‌మిటర్ మెనూ, అన్నిటికన్నా ఆఖర్న ఫ్లైబార్‌లెస్ యూనిట్ (జైరోలతో హెలికాప్టర్‌ను నిలకడగా ఉంచే చిన్న పెట్టె). ఇక్కడ చెప్పేదంతా ఎలక్ట్రిక్ కలెక్టివ్ పిచ్ హెలికాప్టర్ల (బ్లేడ్ల కోణం, అంటే పిచ్, మార్చి లేపి దించేవాటి) గురించే.

బల్ల మీద ఏం పరీక్షించినా మెయిన్ బ్లేడ్లు, తోక బ్లేడ్లు ముందే తీసేయండి. మోటార్ తీగలు మూడూ ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నడిపే సర్క్యూట్) నుంచి విప్పి, కొసలు ఒకదానికొకటి తగలకుండా టేపు చుట్టండి. ఈఎస్‌సీలో బీఈసీ (మిగతా పరికరాలకు కరెంటిచ్చే భాగం) ఉంటే సర్వోలకు (బ్లేడ్ల కోణం మార్చే చిన్న మోటార్లకు), రిసీవర్‌కు కరెంటు ఎలాగూ అందుతుంది.

ఒక స్టిక్ కదిపితే వేరే పని జరుగుతోంది

ఏ స్టిక్‌కు ఏ పనో చెప్పేది మోడ్. మోడ్ 2లో ఎడమ స్టిక్ పైకీ కిందకీ కలెక్టివ్ (లేపి దించేది), పక్కలకు రడ్డర్ (ముక్కును తిప్పేది). కుడి స్టిక్ మీద ఎలివేటర్ (ముందుకీ వెనక్కీ వంచేది), ఐలెరాన్ (పక్కలకు వంచేది). మోడ్ 1లో ఎలివేటర్ ఎడమకి, కలెక్టివ్ కుడికి వెళ్తాయి, మిగతా రెండూ కదలవు. మోడ్ 3 అంటే మోడ్ 2ని కుడిఎడమలు చేసినట్టు. మోడ్ 4 అలాగే మోడ్ 1కి.

అసలు హెలికాప్టర్‌లో పైలట్ కుడిచేత్తో సైక్లిక్ (ఎలివేటర్, ఐలెరాన్ పనులు రెండూ చేసేది), ఎడమచేత్తో కలెక్టివ్ పడతాడు. మోడ్ 2 దానికి దగ్గర. జపాన్‌లో మోడ్ 1 ఎక్కువ, అక్కడ నేర్చుకున్నవాళ్లు దాంతోనే అద్భుతంగా ఎగరేస్తారు. కాబట్టి ఏది గొప్పది అన్న వాదన అక్కర్లేదు. మీ మైదానంలో మీకు నేర్పేవాళ్లు ఏ మోడ్ వాడతారో అదే తీసుకోండి, ఇబ్బంది వచ్చినప్పుడు ట్రాన్స్‌మిటర్ వాళ్ల చేతికివ్వొచ్చు. ఒంటరిగా మొదలుపెడుతుంటే మోడ్ 2 తీసుకోండి, మన దగ్గర అమ్మకానికి వచ్చేవి ఎక్కువగా అవే. సిమ్యులేటర్‌లో కూడా అదే మోడ్ పెట్టండి.

తప్పు ఎక్కడుందో చానల్ మానిటర్ (ప్రతి ఆజ్ఞను ఒక గీతగా చూపే ట్రాన్స్‌మిటర్ తెర) చెబుతుంది. స్టిక్ కదిపినప్పుడు తెరమీద వేరే పేరున్న గీత కదిలితే మోడ్ తప్పు. తెరమీద సరిగానే ఉండి, స్వాష్‌ప్లేట్ (మెయిన్ బ్లేడ్ల కోణం మార్చే పళ్లెం) వేరేగా కదిలితే చానల్ వరస తప్పు: ఫుటాబా ట్రాన్స్‌మిటర్ల వరస ఐలెరాన్, ఎలివేటర్, థ్రాటిల్ (మోటార్ వేగం), రడ్డర్. స్పెక్ట్రమ్‌ది థ్రాటిల్, ఐలెరాన్, ఎలివేటర్, రడ్డర్. ఫ్లైబార్‌లెస్ యూనిట్‌కి ఏ వరస కావాలో దానికి తగ్గట్టు మార్చండి. ఐలెరాన్ కదిపితే పిచ్ (కలెక్టివ్) గీత కూడా కదులుతోందా? ట్రాన్స్‌మిటర్‌లో 120 డిగ్రీల స్వాష్ మిక్సింగ్ (ఒక ఆజ్ఞను స్వాష్‌ప్లేట్ సర్వోలకు పంచే లెక్క) ఆన్‌లో ఉంది. ఆ మిక్సింగ్ పని ఫ్లైబార్‌లెస్ యూనిట్‌ది. ట్రాన్స్‌మిటర్‌లో స్వాష్ రకంగా ఫుటాబా అయితే హెచ్-1, స్పెక్ట్రమ్ అయితే నార్మల్ పెట్టాలి.

పని సరైనదే అయినా దిశ ఒక్కటే తిరగబడితే ట్రాన్స్‌మిటర్‌లో ఆ చానల్ రివర్స్ చేయండి. ఆ తర్వాత జైరో దిశ విడిగా చూడాల్సిందే: హెలికాప్టర్‌ను చేత్తో ముందుకు వంచితే స్వాష్‌ప్లేట్ వెనక్కి వంగి, నేలకు సమాంతరంగా ఉండటానికి ప్రయత్నించాలి. అది కూడా ముందుకే వంగితే, నేల వదిలిన క్షణంలో హెలికాప్టర్ తిరగబడుతుంది.

కలెక్టివ్ స్టిక్ మధ్యకు ఎగిరొస్తోంది, లేదా టకటకమంటూ మెట్లుమెట్లుగా కదులుతోంది

మెనూలో మోడ్ మారిస్తే సాఫ్ట్‌వేర్ మాత్రమే మారుతుంది. మధ్యకు లాగే స్ప్రింగ్ పాత స్టిక్‌లోనే ఉండిపోతుంది. బ్యాటరీ తీసి, వెనక మూత స్క్రూలు విప్పండి. మూతకు అంటుకున్న తీగలుంటాయి, గబుక్కున లాగొద్దు. కలెక్టివ్ గింబల్‌లో నిలువు కదలికకున్న స్ప్రింగ్, దాని చిన్న లివర్ తీసి రెండో గింబల్‌కి పెట్టండి. అక్కడున్న రేకును (స్టిక్‌ను వదిలినచోటే ఆపేది) ఇటు మార్చండి. కొన్ని ట్రాన్స్‌మిటర్లలో ఈ పనికి మూత తీయక్కర్లేదు, వెనక రబ్బరు గ్రిప్ కింది రంధ్రాల్లోంచి స్క్రూ తిప్పితే చాలు.

ఆ రేకులు రెండు రకాలు. గాట్ల మీద ఆగుతూ కదిలేది విమానాల థ్రాటిల్‌కి బాగుంటుంది. హెలికాప్టర్‌కి నున్నగా జారేదే పెట్టాలి, ఎందుకంటే హోవర్‌కి కావలసిన పిచ్ చాలాసార్లు రెండు గాట్ల మధ్య పడుతుంది. బిగువు ఎంతంటే, ట్రాన్స్‌మిటర్‌ను నిలువుగా పట్టుకుని కాస్త ఊపినా స్టిక్ దానంతట అది జారకూడదు, వేలితో తోస్తే మాత్రం ఎక్కడా పట్టేయకూడదు. మూత బిగించాక స్టిక్ కాలిబ్రేషన్ (స్టిక్ మధ్య, చివర్లు ట్రాన్స్‌మిటర్‌కు గుర్తుచేయడం) మళ్లీ చేయండి.

పైకి లేపుతుంటే ముక్కు కూడా తిరుగుతోంది

దీన్ని తోక జైరో లోపమనుకుని గెయిన్ పెంచేవాళ్లే ఎక్కువ. అప్పుడు ఉన్న సమస్యకు తోడు తోక వణుకుడు కూడా మొదలవుతుంది. ముందు చానల్ మానిటర్ తెరిచి, తెర చూడకుండా కలెక్టివ్‌ను కింది నుంచి పైదాకా నాలుగైదుసార్లు వేగంగా తోయండి, పక్కన ఇంకొకరిని తెర చూడమనండి. రడ్డర్ గీత 5 శాతమో 8 శాతమో పక్కకు జరుగుతుంటే ఆ ఆజ్ఞ ఇస్తున్నది మీ బొటనవేలే. బొటనవేలు దాని మొదలు దగ్గర తిరుగుతుంది కాబట్టి స్టిక్ నేరుగా కాక కొద్దిగా విల్లులా పోతుంది. మోడ్ 2లో ఆ దోషం రడ్డర్‌లో కనిపిస్తుంది. మోడ్ 1లో ఐలెరాన్‌లో కనిపించి, లేస్తూ లేస్తూ హెలికాప్టర్ పక్కకు జారుతుంది.

మందు మొదట పట్టులో ఉంది. స్టిక్ కొసను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకోండి. ట్రాన్స్‌మిటర్ బరువు మెడపట్టీ మోయాలి, లేకపోతే మిగతా వేళ్లకు ఆ బరువు మోయడంతోనే సరిపోతుంది. ఈ పట్టుకు స్టిక్ పొడవుగా ఉంటే హాయి. బొటనవేలితోనే ఎగరేయడం అలవాటైపోయినవాళ్లు మారక్కర్లేదు. స్టిక్ పొట్టి చేసుకుని, రడ్డర్ స్ప్రింగ్‌ను ఒక చుట్టు బిగించి, ఫ్లైబార్‌లెస్ యూనిట్‌లో రడ్డర్ డెడ్‌బ్యాండ్ (స్టిక్ మధ్యలో పట్టించుకోని కదలిక) 2, 3 శాతం పెడితే చాలా తగ్గుతుంది. డెడ్‌బ్యాండ్ అంతకు మించితే మధ్యలో స్టిక్ చచ్చుబడినట్టుంటుంది.

తెరమీద రడ్డర్ గీత అస్సలు కదలకపోతేనే జైరో, తోక బెల్టు, తోక పిచ్ స్లైడర్ (తోక బ్లేడ్ల కోణం మార్చే జారుడు భాగం) బిగువు వైపు వెళ్లండి.

హోవర్‌లో ప్రతిదీ ఎక్కువైపోతోంది

ఎత్తు విషయంలో ఎగుడుదిగుడా, పక్కలకు ఊగడమా అని ముందు తేల్చుకోండి.

ఎత్తు విషయంలో అయితే కారణం పిచ్ కర్వ్ (స్టిక్ ఎక్కడుంటే బ్లేడ్ల కోణం ఎంతో చెప్పే గీత). -11 నుంచి +11 డిగ్రీలంటే స్టిక్ పూర్తి ప్రయాణానికి 22 డిగ్రీలు. -3 నుంచి +9 పెడితే 12 డిగ్రీలే, అంటే అంతే తోపుకి దాదాపు సగం స్పందన. మొదటి హోవర్లకు ఇది చాలా ఉపశమనం. కాకపోతే ఈ కర్వ్‌తో గాల్లో ఉండి ఐడిల్-అప్ (విన్యాసాలకు వాడే, -11 నుంచి +11 కర్వ్ ఉన్న సెట్టింగ్) స్విచ్ వేయొద్దు. +5 డిగ్రీల దగ్గర హోవర్ చేస్తుంటే స్టిక్ మూడింట రెండొంతుల దగ్గర ఉంటుంది. ఐడిల్-అప్‌లో అదే చోట పిచ్ 3.7 డిగ్రీలే, రోటర్ వేగం మారకపోతే హెలికాప్టర్ దిగబడుతుంది. చేయి కుదిరాక పైసగం నార్మల్ (మామూలు ఎగరడానికి వాడే సెట్టింగ్), ఐడిల్-అప్ రెండిట్లోనూ ఒకేలా ఉంచండి: స్టిక్ సగంలో 0, ముప్పావులో +5.5, చివర +11. నార్మల్‌లో కింది చివర మాత్రం -3. థ్రాటిల్ హోల్డ్‌లో (మోటార్ ఆపే స్విచ్) మొత్తం -11 నుంచి +11 ఉంచాలి, ఆటోరొటేషన్‌కి (మోటార్ లేకుండా దిగడానికి) అది కావాలి.

పక్కలకు ఊగుతుంటే స్టిక్ పొడవు ముందు చూడండి. కొస ముక్కను, కింది ముక్కను ఒకదానికెదురుగా ఒకటి తిప్పి వదులు చేసి, 2 మిల్లీమీటర్లు పెంచి, మళ్లీ బిగించి ఎగరేయండి. అప్పటికీ పదునుగా ఉంటే ఐలెరాన్, ఎలివేటర్‌కు ఎక్స్‌పో 20 నుంచి 30 శాతం. స్పెక్ట్రమ్‌లో, ఎడ్జ్‌టీఎక్స్ అనే ట్రాన్స్‌మిటర్ సాఫ్ట్‌వేర్‌లో ప్లస్ అంకె మెత్తబరుస్తుంది, ఫుటాబాలో మైనస్ అంకె. గుర్తు తారుమారైతే మధ్యలో ఇంకా పదునెక్కుతుంది, కాబట్టి కర్వ్ బొమ్మ మధ్యలో చదునుగా ఉందో లేదో చూసి మరీ ఎగరేయండి. ఎక్స్‌పో ట్రాన్స్‌మిటర్‌లోనో ఫ్లైబార్‌లెస్ యూనిట్‌లోనో ఒకచోటే ఉండాలి.

స్టిక్ వదిలేసినా ఒకవైపు వాలిపోతూనే ఉంది

విమానాల అలవాటుతో ట్రిమ్ (స్టిక్ మధ్య స్థానాన్ని కొద్దిగా జరిపే బటన్) నొక్కితే వచ్చే తంటా ఇది. ఫ్లైబార్‌లెస్ యూనిట్‌కి ట్రిమ్ అంటే ఆగకుండా తిరగమనే ఆజ్ఞ. ట్రిమ్‌లు, సబ్‌ట్రిమ్‌లు (మెనూలో ఉండే ట్రిమ్‌లు) సున్నాకి తెచ్చి, ట్రిమ్ బటన్లు పనిచేయకుండా చేయండి. కరెంటు ఇచ్చాక యూనిట్ సిద్ధమయ్యేదాకా స్టిక్కులు, హెలికాప్టర్ కదపకండి. నేలమీద సైక్లిక్ కదిపి వదిలితే స్వాష్‌ప్లేట్ వంగే ఉండిపోవడం, రడ్డర్ కదిపితే తోక సర్వో పక్కకే ఆగిపోవడం లోపాలు కావు. గాల్లో అవే సర్దుకుంటాయి.

స్టిక్ కదపకుండానే అంకెలు వణుకుతున్నాయి

పొటెన్షియోమీటర్ గింబల్ (రాపిడి సెన్సార్‌తో స్టిక్ స్థానం కొలిచేది) అరిగింది, లేదా దుమ్ము పట్టింది. కాంటాక్ట్ క్లీనర్ కొన్నాళ్లు ఆదుకుంటుంది. మీ ట్రాన్స్‌మిటర్‌కి హాల్ సెన్సార్ (అయస్కాంతంతో కొలిచే) గింబల్ దొరికితే అదే వేయండి, అందులో రాపిడితో అరిగే సెన్సార్ ఉండదు. మార్చాక ట్రాన్స్‌మిటర్ కాలిబ్రేషన్‌తో పాటు ఫ్లైబార్‌లెస్ యూనిట్‌లో ప్రతి చానల్ మధ్య సున్నా, చివర్లు 100 శాతం వస్తున్నాయో లేదో చూసి సరిచేయండి.