బడి నాటకం – నాలుగో పాఠం: మాట చివరి వరసకు చేరాలి

పోయిన పాఠంలో వేదిక మీద ఎక్కడ నిలబడాలో, ఎటు తిరగాలో చూశాం. సుద్దముక్కతో గీతలు గీసుకుని, ముఖం జనానికి కనపడేలా నడవడం మీలో చాలామందికి ఈపాటికి అలవాటై ఉంటుంది. ఇంకా కుదరనివాళ్లు ఇంకో వారం దాని మీదే ఉండండి, తొందరేం లేదు. ఈసారి మాట సంగతి. బడి నాటకానికి ప్రాణం ఇదేనని నా నమ్మకం, అందుకని దీని దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుందాం.

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో హైస్కూలు వార్షికోత్సవం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. బడి వరండానో, గ్రౌండులో బల్లలు జోడించి కట్టిన స్టేజీయో ఉంటుంది. ముందు కుర్చీల్లో సర్పంచి గారు, ఎంఈఓ (మండల విద్యాధికారి) గారు, వాళ్ల వెనక టార్పాలిన్ల మీద పిల్లలు, ఆ వెనక ప్రహరీ దాకా అమ్మలు, మామ్మలు, చంటిపిల్లలు. నాటిక మొదలైన కాసేపటికే వెనక గోల లేస్తుంది. నాటకమంటే ఇష్టం లేక కాదు, తమ పిల్లల్ని చూద్దామనే పనులు మానుకుని వచ్చారు వాళ్లు. మాట అందడం లేదు, అంతే. మాట అందని మనిషి పక్కవాళ్లతో కబుర్లు మొదలుపెడతాడు, ఆ కబుర్లతో ముందువాళ్లకీ మాట అందకుండా పోతుంది.

మాట అందకపోతే మాస్టార్లు సాధారణంగా ఇచ్చే సలహా ఒకటే: "గట్టిగా చెప్పండర్రా!" దీనివల్ల పని జరగదు. ఎందుకు జరగదో అర్థమైతే ఈ పాఠం సగం వచ్చేసినట్టే.

తెలుగు వాక్యంలో అసలు సంగతి చివర ఉంటుంది. చేసింది ఆడో మగో, ఒకరో పదిమందో, పని అయిందో కాలేదో, మనం చెబుతున్నామో అడుగుతున్నామో, అన్నీ క్రియ తోకలోనే తెలుస్తాయి. "అప్పలనాయుడు నిన్న బడికి వచ్చా" దాకా వినిపించి ఆ పైన గొంతు దిగిపోయిందనుకోండి. వచ్చాడని చెప్పారా, వచ్చాడా అని అడిగారా? వెనక కూర్చున్న మామ్మకి తెలీదు. "లేదు", "లేడు" మధ్య తేడా ఒక్క అక్షరం. "ఇస్తారు", "ఇస్తారా" మధ్య తేడా ఒక్క దీర్ఘం. మన ఊపిరి చూస్తే సరిగ్గా దీనికి ఎదురు నడుస్తుంది. వాక్యం మొదట్లో గుండె నిండా ఉంటుంది, చివరికొచ్చేసరికి అయిపోతుంది. గట్టిగా చెప్పమంటే పిల్లలు మొదటి మాటను ఇంకా గట్టిగా అరుస్తారు, చివరి మాట ఎప్పటిలాగే గొంతులో ఉండిపోతుంది.

కాబట్టి మనం సాధించాల్సింది అరుపు కాదు. చివరి మాట దాకా ఊపిరి మిగుల్చుకోవడం. దీనికి మన భాషలోనే మంచి వీలుంది. ఈ వాక్యం చూడండి:

పొద్దున్నే లేచి / పశువులకి గడ్డేసి / చెల్లికి జడేసి / వచ్చేసరికి / గంట కొట్టేశారు మాస్టారూ.

లేచి, వేసి, వచ్చేసరికి అన్న చోటల్లా వాక్యం ఆగకుండానే మనిషి ఆగొచ్చు. అర్థం ఇంకా పూర్తి కాలేదని వినేవాడికి తెలుసు, ఎదురుచూస్తాడు. ఆ చోట్ల చిన్న ఊపిరి తీసుకోండి. మీ కాగితం మీద ప్రతి డైలాగుకూ ఇలా పెన్సిలుతో గీతలు పెట్టుకోండి. అన్నిటికన్నా పెద్ద ఊపిరి ఆఖరి ముక్కకి ముందు తీసుకోవాలి. "గంట కొట్టేశారు మాస్టారూ" అన్నది నిండు ఊపిరితో రావాలి, "రూ" దీర్ఘం దాకా తగ్గకూడదు. పెన్ను కాకుండా పెన్సిలు ఎందుకంటే, రిహార్సల్సులో ఈ గీతలు తప్పకుండా మారతాయి.

ఇప్పుడు ఒక చిన్న ముక్క సాధన చేద్దాం. మన జిల్లాల్లో బోలెడు ఊళ్లలో అమ్మానాన్నలు భవనాల పనికి హైదరాబాదో చెన్నయ్యో వలసపోతారు, పిల్లలు మామ్మల దగ్గర ఉంటారు. మీ క్లాసులోనే ఉంటారు అలాంటివాళ్లు. ఆ ఇంట్లో ఒక రాత్రి ఇది.

పైడిరాజు: మామ్మా, అమ్మ ఫోన్ సేసిందా?

మామ్మ: సేసింద్రా.

పైడిరాజు: పెద్దపండక్కి వత్తారేటి?

మామ్మ: రారట.

పైడిరాజు: రారా?

మామ్మ: మేస్త్రీ డబ్బులియ్యనేదట. బువ్వ తిను, సల్లారిపోతంది.

ఇందులో పెద్ద మాట ఒక్కటీ లేదు. అయినా దీన్ని సరిగ్గా పలకడానికి మంచి నటుడు కావాలి. "రారట" చూడండి. "రారు" అంటే మామ్మ తానే తేల్చి చెప్పినట్టు. "రారట" అన్నప్పుడు విన్నమాట చెబుతోంది, ఆ "ట" చాటున తన బాధ దాచుకుంటోంది. ఆ "ట" వెనక గోడ దాకా వినపడకపోతే ఆ ముసలమ్మ మనసు ఎవరికీ అందదు. దాన్ని నొక్కి పలకక్కర్లేదు, మింగకుండా వదిలితే చాలు.

తరవాత పైడిరాజు "రారా?" అంటాడు. రెండో "రా" పైకి లేవాలి, కొంచెం సాగాలి. లేవకపోతే ఎవర్నో దగ్గరికి పిలిచినట్టు వినపడుతుంది, జనం నవ్వుతారు, సీను అక్కడితో పోతుంది. "రారా?" అన్నాక మామ్మ వెంటనే జవాబు చెప్పకూడదు. మనసులో మూడంకెలు లెక్కపెట్టి, కంచం ఇటు జరిపి, అప్పుడు మేస్త్రీ సంగతి చెప్పాలి. ఇక "బువ్వ తిను" అన్నచోట ఏడుపు గొంతు పెట్టే పిల్లలే ఎక్కువ, పెద్దలూ దాన్నే మెచ్చుకుంటారు. వద్దు. రోజూ అన్నట్టే అననివ్వండి. ఏడవాల్సింది కింద కూర్చున్న అమ్మలు.

అభ్యాసం. ఆటల పీరియడులో గ్రౌండుకి వెళ్లండి. ఇద్దరు వేషగాళ్లు బడి గోడ దగ్గర, ఒక విద్యార్థి అవతలి ప్రహరీ దగ్గర, వేషగాళ్లవైపు వీపు పెట్టి నిలబడాలి. పెదాలు చూసి మాట పట్టేయకుండా ఈ ఏర్పాటు. వేషగాళ్లు ఒక్కో డైలాగూ పలుకుతారు, వినేవాడు ఆఖరి మాటను మాత్రం తిరిగి అరిచి చెప్పాలి: "సేసిందా!" "సేసింద్రా!" "వత్తారేటి!" తప్పు చెబితే తప్పు పలికినవాడిది, విన్నవాడిది కాదు. ఈ నియమం గట్టిగా పాటించండి, లేకపోతే తగాదాలొస్తాయి. రోజుకో పావుగంట చాలు. సీను విసుగనిపించినప్పుడు జంటలతో ఆడండి: చేశాడు–చేశాడా, ఉంది–ఉందా, తెలీదు–తెలీదా, రాదు–రాడు. గాలి ఎదురుగా వీస్తున్న రోజు మంచి రోజు, మానకండి.

మైకుల కాలం రాకముందు మన వీధి నాటకం తూర్పు భాగోతం వాళ్లు తెల్లవార్లూ ఊరందరికీ వినిపించేలా ఆడారు. సత్యభామ వేషగాడు ఒక చరణం అందుకుంటే వెనక వంతవాళ్లు దాన్ని అందుకుని పాడతారు, ఆలోగా వేషగాడు ఊపిరి కూడగట్టుకుంటాడు. జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథలోనూ కథకుడు ఒక్కడే లాక్కురాడు, పక్కవాళ్ల అండ ఉంటుంది. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఆ విద్య తెలిసిన పెద్దాయన ఉంటే హెడ్మాస్టరు గారిని అడిగి ఒక సాయంత్రం బడికి పిలిపించుకోండి. నేను ఇక్కడ రాసి చెప్పగలిగిన దానికన్నా ఆయన గొంతు విప్పి చూపించేదే ఎక్కువ.

ఇప్పుడు యాస సంగతి. పైన మామ్మ చేత "సేసింద్రా", "ఇయ్యనేదట" అనిపించాను. కొన్ని బడుల్లో ఇది చూసి "చేసిందిరా, ఇవ్వలేదట అని దిద్దండి" అంటారు. ఇంకొన్ని బడుల్లో దిద్దరు గానీ యాసను నౌకరు వేషానికో, నవ్వించే వేషానికో మాత్రమే ఇస్తారు. మంచివాడు, చదువుకున్నవాడు, కథానాయకుడు మాత్రం పుస్తకంలోలా మాట్లాడతాడు. ఈ రెండోది ఎక్కువ హాని చేస్తుందని నేను అంటాను. మీ అమ్మ మాట నవ్వడానికి మాత్రమే పనికొస్తుందని మీ చేతే, మీ బడి స్టేజీ మీదే చెప్పించినట్టు అవుతుంది. తను ఏ భాషలో ఏడుస్తుందో, కోప్పడుతుందో, పిల్లాడికి ధైర్యం చెబుతుందో అదే భాష స్టేజీ మీద గౌరవంగా వినిపిస్తే, వెనక కూర్చున్న తల్లి గోల చేయదు.

ఇది మన గడ్డ మీద కొత్త మాట కాదు. గురజాడ కన్యాశుల్కం 1892లో విజయనగరంలోనే మొదటిసారి ఆడారు. మనుషులు ఇళ్లలో, వీధుల్లో మాట్లాడుకునే తెలుగు నాటకమంతా పరుచుకుని ఉంటుంది. గిరీశం మాట వేరు, అగ్నిహోత్రావధాన్లు మాట వేరు, మధురవాణి మాట వేరు. ఎవరి నోట ఎవరి మాట ఉండాలో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి బడి లేదు. పెద్ద నాటకం, 1909 కూర్పులో ఏడు అంకాలు, మొత్తం ఆడాలని చూడకండి. ఒక్క రంగం తీసుకుని పైకి చదువుకోండి, చాలు. విజయనగరంలో గురజాడతో కలిసి చదువుకున్న గిడుగు రామమూర్తి గారు మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టారు. బడుల్లోకి వాడుక భాష రావాలని జీవితమంతా పోరాడిన మనిషి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు భాష గొప్పతనం మీద ఉపన్యాసాలతో పాటు, పిల్లలు తమ ఇంటి మాటతో రాసుకున్న పది నిమిషాల నాటిక ఒకటి ఉంటే ఎంత బాగుంటుందో ఆలోచించండి. తేదీ కాలెండర్లో ఎలాగూ ఉంది, మాస్టారిని ఇప్పటి నుంచే అడగొచ్చు.

యాసను కాగితం మీద ఎలా పెట్టాలి? ఒకరు కథను నోటితో చెప్పండి, ఇంకొకరు విన్నది విన్నట్టు రాయండి. రాశాక మాటలు మార్చకండి, ఎక్కువైనవి కొట్టేయండి. ఇచ్ఛాపురం వైపు పిల్లల ఇళ్లలో ఒడియా ఉంటుంది, ఏజెన్సీ కొండల వైపు సవర భాష ఉంటుంది. ఆ పాత్ర ఉంటే ఆ మాటలూ ఒకటి రెండు రానివ్వండి. మాస్టారు పాత్రకు, కలెక్టరు పాత్రకు కూడా వాళ్ల పుట్టిన ఊరు ఉంటుంది, వాళ్లు ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ ఊరి మాట వస్తుంది. ఇది పట్టుకుంటే పాత్ర ఒక్కసారిగా మనిషైపోతుంది.

మైకు గురించి క్లుప్తంగా. రిహార్సల్సు మొత్తం మైకు లేకుండానే చేయండి. ఆ రోజు రెండు మైకులు దొరికితే స్టేజీ ముందంచున చెరో వైపు పెట్టించండి, వాటి కోసం ఎవరూ నడవకూడదు. మైకు కోసం పిల్లలు బారులు తీరితే అది నాటకం కాదు, రేషన్ లైను. సౌండు బాక్సులు మైకుల కన్నా ముందుకి, జనం వైపు తిరిగి ఉండాలి. వెనక్కి ఉంటే వాటి మోత మళ్లీ మైకులోకి వచ్చి కీచుమంటుంది. మైకుసెట్టు అన్నయ్యతో ముందురోజే ఈ మాట మాట్లాడుకోండి, ఆ రోజు ఆయనకి తీరిక ఉండదు.

వక్తృత్వ పోటీకి వెళ్లేవాళ్లకీ ఇదే విద్య. గంట కొట్టేస్తారన్న భయంతో మూడు పేజీలు గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతారు, ఒక్క వాక్యం చివరా వినపడదు. ఒకటిన్నర పేజీకి తగ్గించండి. చర్చ పోటీలో ఇంకో జాగ్రత్త: ఎదుటివాళ్ల వాక్యం చివరి దాకా వినండి. "కాదు" అన్నారో "కాదా" అన్నారో తెలియకుండా జవాబుకి లేచే పిల్లలు చాలామంది.

వచ్చే పాఠానికి ముందు చేయాల్సినవి. మీ మామ్మో, తాతో, అప్పో (అక్కో) ఈ వారంలో అన్న మాటల్లోంచి అయిదు వాక్యాలు విన్నవి విన్నట్టు నోటుపుస్తకంలో రాయండి, ఊపిరి గీతలు పెట్టండి, ఎవరితో అన్నారో, అప్పుడేం పని చేస్తున్నారో పక్కన రాయండి. పైడిరాజు సీనుకి ఇంకో ఆరు డైలాగులు కలిపి పూర్తి చేయండి, అందులో మామ్మ ఏడవకూడదు. వచ్చే పాఠంలో ఆ సీనుకి కావాల్సిన కంచం, చాప, లాంతరు, మామ్మ చీర ఎక్కణ్నించి తెచ్చుకోవాలో, ఎవరు మోయాలో చూద్దాం.