ఒకే రా ఫొటో ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోలా కనిపిస్తోందా? తేడా ఎక్కడ వస్తోంది, ఎలా సరిచేయాలి

కెమెరా స్క్రీన్ మీద చూస్తే ఫొటో అదిరింది. కంప్యూటర్‌కి ఎక్కించి లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఒకటి రెండు సెకన్లు అలాగే కనిపించి, అంతలోనే కళ తప్పింది. అదే ఫైల్ డార్క్‌టేబుల్‌లో ఇంకో రంగులో, క్యాప్చర్ వన్‌లో మరో రంగులో కనిపిస్తోంది. ఫైల్ పాడైందా, కెమెరాలోనే లోపం ఉందా అని టెన్షన్ మొదలవుతుంది. రా ఫొటోలు తీయడం మొదలుపెట్టిన కొత్తలో నేను మెమరీ కార్డుని అనుమానించి పక్కన పెట్టేశాను. కార్డు తప్పేం లేదు. ఫైల్‌కీ ఏమీ కాలేదు.

రా ఫైల్‌లో ఉండేది ఇంకా ఫొటో కాదు, సెన్సర్ కొలిచిన వెలుతురు లెక్కలు. ప్రతి పిక్సెల్ ముందు ఒకే రంగు ఫిల్టర్ ఉంటుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ ఆవిష్కరణకి 1976లో పేటెంట్ వచ్చింది. ఇప్పటికీ ఎక్కువ కెమెరాల్లో ఉన్నది ఆయన అమరికే: సగం పిక్సెల్స్ ఆకుపచ్చకి, పావు వంతు ఎరుపుకి, పావు వంతు నీలానికి. ఒక్కో పిక్సెల్ దగ్గర లేని మిగతా రెండు రంగుల్ని చుట్టుపక్కల పిక్సెల్స్‌ని బట్టి సాఫ్ట్‌వేరే లెక్కకట్టాలి. దీన్ని డీమొజాయికింగ్ అంటారు. ఆ తర్వాత వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగుల్ని సరిచేయడం), కలర్ ప్రొఫైల్ (సెన్సర్ లెక్కల్ని ఏ రంగులుగా చూపించాలన్న నియమాలు), టోన్ కర్వ్ (వెలుగునీడల్ని సర్దే గీత), షార్ప్‌నింగ్. ఏ మెట్టు దగ్గర ఎంత చెయ్యాలన్నది సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ల అభిరుచి. ఫిల్మ్ రోజుల్లో ఒకే నెగటివ్‌ని రెండు ల్యాబుల్లో ఇస్తే రెండు రకాల ప్రింట్లు వచ్చేవి, ఇదీ అలాంటిదే. అందుకే "అసలు రంగు ఏది" అని తల బద్దలు కొట్టుకోకుండా, తేడా ఏ మెట్టు దగ్గర వచ్చిందో పట్టుకోండి.

ముందు ఈ ఒక్క పరీక్ష

రెండు సాఫ్ట్‌వేర్లలోనూ ఏమీ ఎడిట్ చేయకుండా ఆ ఫొటోని ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పరిధిలో జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ రెండు జేపెగ్‌లనీ ఒకే వ్యూయర్‌లో పక్కపక్కన పెట్టి చూడండి. తేడా అలాగే ఉంటే అది రా ప్రాసెసింగ్‌లో వచ్చిన తేడా. రెండూ ఒకేలా ఉంటే తేడా ఫొటోలో లేదు, స్క్రీన్ మీద చూపించడంలో ఉంది. అంటే ఒక సాఫ్ట్‌వేర్ మానిటర్ ప్రొఫైల్‌ని (ఆ స్క్రీన్ రంగుల్ని ఎలా చూపిస్తుందో చెప్పే ఫైల్‌ని) వాడుకుంటోంది, రెండోది దాన్ని పట్టించుకోవడం లేదు. మామూలు కంటే ఎక్కువ రంగులు చూపించే వైడ్ గామట్ మానిటర్ల మీద ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఎరుపు, ఆకుపచ్చ మండిపోతుంటాయి. మానిటర్‌ని క్యాలిబ్రేట్ చేసి, వచ్చిన ప్రొఫైల్‌ని ఆపరేటింగ్ సిస్టమ్‌లో డిఫాల్ట్‌గా పెట్టి, సాఫ్ట్‌వేర్‌ని మూసి మళ్లీ తెరవండి. ఈ పరీక్ష చేసేదాకా ఒక్క స్లైడర్ కూడా కదపొద్దు. మానిటర్‌లో ఉన్న తప్పుని ఫొటోలో సరిదిద్దితే, ఆ ఫొటో మిగతా అన్ని స్క్రీన్ల మీదా తప్పుగా కనిపిస్తుంది.

తెరవగానే బాగుంది, క్షణంలో డల్ అయింది

అందరూ ముందుగా అడిగేది ఇదే. కెమెరా ప్రతి రా ఫైల్ లోపల ఒక చిన్న జేపెగ్‌ని కూడా దాచిపెడుతుంది. కెమెరా స్క్రీన్ మీద మీరు చూసేది ఆ జేపెగ్‌నే. హిస్టోగ్రామ్ (వెలుతురు పంపకాన్ని చూపే గ్రాఫ్), ఎక్కువ వెలుతురు పడిన చోట మిణుకుమనే హెచ్చరిక కూడా దాన్ని బట్టే వస్తాయి. లైట్‌రూమ్ మొదట ఆ జేపెగ్‌ని చూపించి, ఈలోపు తన సొంత లెక్క పూర్తిచేసుకుని దాన్ని మార్చేస్తుంది. కళ తప్పినట్టు అనిపించే క్షణం అదే. చాలా ఇమేజ్ వ్యూయర్లు అసలు రా జోలికే వెళ్లవు, లోపలి జేపెగ్‌ని చూపించి ఊరుకుంటాయి. కాబట్టి "ఫలానా వ్యూయర్‌లో రంగులు కరెక్టుగా ఉన్నాయి" అన్నది రుజువు కాదు.

నమ్మకం కుదరకపోతే ఇలా చేసి చూడండి. కెమెరాలో పిక్చర్ స్టైల్‌ని మోనోక్రోమ్‌కి మార్చి ఒక రా ఫొటో తీయండి. కెమెరా స్క్రీన్ మీద నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది. దాన్ని డార్క్‌టేబుల్‌లో తెరవండి. రంగులన్నీ ఉంటాయి! కెమెరాలో మీరు పెట్టిన స్టైల్, కాంట్రాస్ట్, శాచురేషన్ జేపెగ్‌కే పూర్తిగా పడతాయి. రాలో అవి ఒక చిన్న నోట్ లాంటివి, చదవగలిగే సాఫ్ట్‌వేర్లు చదువుతాయి, చదవలేనివి వదిలేస్తాయి.

కెమెరా రంగులే కావాలంటే మూడు దారులున్నాయి. లైట్‌రూమ్‌లో 2018 నుంచి డిఫాల్ట్‌గా వచ్చే ప్రొఫైల్ అడోబ్ కలర్. ప్రొఫైల్ బ్రౌజర్ తెరిచి, కెమెరా మ్యాచింగ్ కింద ఉన్న స్టాండర్డ్, వివిడ్, పోర్ట్రెయిట్ లాంటి వాటిలో మీరు కెమెరాలో పెట్టుకున్నదాన్ని ఎంచుకోండి. నచ్చితే ప్రిఫరెన్సెస్‌లో రా డిఫాల్ట్స్‌ని కెమెరా సెట్టింగ్స్‌కి మార్చేస్తే ప్రతిసారీ మార్చే పని తప్పుతుంది. రాథెరపీ అనే ఇంకో రా సాఫ్ట్‌వేర్‌లో ఆటో మ్యాచ్‌డ్ టోన్ కర్వ్ ఉంది, అది లోపలి జేపెగ్‌ని చూసి దానికి దగ్గరగా కర్వ్ గీస్తుంది. అచ్చంగా అదే కావాలంటే మాత్రం కెమెరా కంపెనీ సొంత సాఫ్ట్‌వేరే దిక్కు: కెనన్‌కి డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్, నికాన్‌కి ఎన్ఎక్స్ స్టూడియో, సోనీకి ఇమేజింగ్ ఎడ్జ్. మూడూ ఉచితమే. నేనైతే మనుషుల ఫొటోలకి కాంట్రాస్ట్ తక్కువున్న ప్రొఫైల్‌తోనే మొదలుపెడతాను. చర్మం మీద నీడలు చేతిలో ఉంటాయి.

ఒకదాంట్లో ఫొటో బాగా చీకటిగా ఉంది

కాస్త తేడా అయితే పట్టించుకోకండి. ప్రతి కెమెరా మోడల్‌కి ఎంత బ్రైట్‌నెస్ కలపాలో సాఫ్ట్‌వేర్ లోపల ఒక లెక్క ఉంటుంది, ఎక్స్‌పోజర్ స్లైడర్ సున్నా దగ్గరే ఉన్నా అది పనిచేస్తూనే ఉంటుంది. ఆ లెక్క అందరిదీ ఒకటి కాదు.

ఒక స్టాప్, రెండు స్టాప్‌ల తేడా ఉంటే మాత్రం (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం) కెమెరా మెనూ చూడండి. ఫ్యూజీలో డైనమిక్ రేంజ్ సెట్టింగ్‌ని డీఆర్200 పెడితే కెమెరా ఒక స్టాప్, డీఆర్400 పెడితే రెండు స్టాప్‌లు తక్కువ ఎక్స్‌పోజర్‌తో రా రాసి, జేపెగ్ తయారుచేసేటప్పుడు నీడల్ని పైకి లేపుతుంది. కెనన్‌లో హైలైట్ టోన్ ప్రయారిటీ ఇలాంటిదే, ఆన్‌లో ఉంటే ఐఎస్ఓ దగ్గర డీ ప్లస్ అని కనిపిస్తుంది. నికాన్ యాక్టివ్ డీ-లైటింగ్ కూడా ఎక్స్‌పోజర్‌ని తగ్గించవచ్చు. ఆ సమాచారాన్ని చదివే సాఫ్ట్‌వేర్ తిరిగి కలుపుతుంది, చదవనిది చీకటిగా చూపిస్తుంది. తీసేసిన ఫొటోలకి ఎక్స్‌పోజర్ పెంచడమే మందు. ఇకమీదట రా ఫైళ్లని వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ చేసేవాళ్లు ఈ సెట్టింగులన్నీ ఆఫ్ చేసుకోవడం మంచిది.

వైట్ బ్యాలెన్స్ నంబర్లు కలవడం లేదు

వెలుతురు రంగుని చెప్పే కెల్విన్ అంకె ఒకదాంట్లో 5200, ఇంకోదాంట్లో 4900. ఫైల్‌లో రాసి ఉండేది చాలావరకు కెల్విన్ కాదు, ఎరుపు, నీలం చానల్స్‌ని ఎంతతో గుణించాలన్న అంకెలు. వాటిని కెల్విన్‌గా మార్చే లెక్క ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోలా ఉంటుంది. కాబట్టి నంబర్‌ని కాపీ చేయకండి. ఫొటో తీసేటప్పుడే ఒక ఫ్రేమ్‌లో గ్రే కార్డ్ (ఏ రంగూ కలవని బూడిద రంగు కార్డు) పెట్టి, ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఐడ్రాపర్‌తో దాని మీద క్లిక్ చేయండి.

ఎర్ర పువ్వు ముద్దగా వస్తోంది, మబ్బులకి గులాబీ రంగు వస్తోంది

ఎండలో తీసిన ముద్దమందారం ఫొటో ఒకటి నా దగ్గర ఉంది. ఒక సాఫ్ట్‌వేర్‌లో రేకు మీద సన్నటి ఈనెలు, అంచు దగ్గర మడత నీడ, అన్నీ కనిపిస్తాయి. ఇంకోదాంట్లో పువ్వంతా ఎర్ర రంగు పోసినట్టు ఒకే ముద్ద. అక్కడ సెన్సర్ సమాచారం పోలేదు. వైట్ బ్యాలెన్స్ ఎరుపు చానల్‌ని పెంచింది, కాంట్రాస్ట్ ఎక్కువున్న ప్రొఫైల్ ఇంకాస్త తోసింది, ఎస్‌ఆర్‌జీబీలోకి వచ్చేసరికి ఆ ఎరుపు పట్టలేదు. లైట్‌రూమ్‌లో అడోబ్ న్యూట్రల్‌కి, క్యాప్చర్ వన్‌లో కర్వ్‌ని లీనియర్ రెస్పాన్స్‌కి మార్చగానే చాలాసార్లు ఈనెలు తిరిగొస్తాయి. ఇంకా మిగిలితే ఎరుపు ఒక్కదాని శాచురేషన్ తగ్గించండి, మొత్తం ఫొటోది కాదు.

గులాబీ మబ్బుల కథ వేరు. మామూలు పగటి వెలుతురులో సెన్సర్ మీద ముందుగా నిండిపోయేది ఆకుపచ్చ చానల్. అది ఆగిపోయాక వైట్ బ్యాలెన్స్ ఎరుపునీ నీలాన్నీ గుణిస్తే ఆ రెండూ మించిపోయి గులాబీ రంగు తేలుతుంది. మంచి సాఫ్ట్‌వేర్ మూడింటినీ ఒకే ఎత్తులో కత్తిరిస్తుంది, లేదా పోయినదాన్ని ఊహించి నింపుతుంది. డార్క్‌టేబుల్‌లో హైలైట్ రీకన్‌స్ట్రక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అయినా పోకపోతే రా బ్లాక్/వైట్ పాయింట్ మాడ్యూల్‌లో వైట్ విలువని కొద్దికొద్దిగా తగ్గించండి. కొత్త కెమెరా అయితే ముందు సాఫ్ట్‌వేర్‌ని అప్‌డేట్ చేయండి, ఆ మోడల్ విలువలు పాత వెర్షన్‌లో ఉండకపోవచ్చు.

ఒకదాంట్లో షార్ప్‌గా, ఒకదాంట్లో మెత్తగా ఉంది

లైట్‌రూమ్ రా ఫైల్ తెరవగానే షార్ప్‌నింగ్ 40, కలర్ నాయిస్ రిడక్షన్ 25 పెట్టేస్తుంది. పోల్చేముందు రెండు చోట్లా సున్నా చేసి చూడండి. ఫ్యూజీ ఎక్స్-ట్రాన్స్ సెన్సర్‌లో ఫిల్టర్ల అమరికే వేరు, అందుకే షార్ప్‌నింగ్ ఎక్కువైతే ఆకుల్లో పురుగులు పాకినట్టు గీతలు వస్తాయి. రాథెరపీ, డార్క్‌టేబుల్‌లలో డీమొజాయికింగ్ పద్ధతిని మార్చుకునే వీలుంది.

అంచుల్లో గోడలు వంగి కనిపిస్తే, ఫ్రేమ్ కాస్త వెడల్పుగా ఉంటే, లెన్స్ కరెక్షన్ ఒకచోట ఆన్, ఒకచోట ఆఫ్. అంతే.

ఎడిట్ చేసినదంతా రెండో సాఫ్ట్‌వేర్‌లో మాయమైంది

మాయం కాలేదు. ఎడిట్లు రా ఫైల్‌లోకి వెళ్లవు. లైట్‌రూమ్ తన క్యాటలాగ్‌లోనో ఎక్స్ఎంపీ ఫైల్‌లోనో, రాథెరపీ పీపీ3 ఫైల్‌లో రాసుకుంటాయి. ఒకరి స్లైడర్ నంబర్ ఇంకొకరికి అర్థం కాదు. డార్క్‌టేబుల్ లైట్‌రూమ్ ఎక్స్ఎంపీలోంచి కొన్ని ఎడిట్లని తీసుకోగలదు కానీ ఫలితం అదే రాదు. పని మధ్యలో సాఫ్ట్‌వేర్ మారాల్సి వస్తే 16 బిట్ టిఫ్‌గా, ప్రొఫోటో ఆర్‌జీబీ లేదా అడోబ్ ఆర్‌జీబీ ప్రొఫైల్ (ఎస్‌ఆర్‌జీబీ కంటే పెద్ద రంగుల పరిధులు) జతచేసి ఎక్స్‌పోర్ట్ చేసి, అక్కడినుంచి ఆ టిఫ్ మీదే పనిచేయండి. టిఫ్‌లో రంగులు అప్పటికే ఖరారై ఉంటాయి కాబట్టి, కలర్ మేనేజ్‌మెంట్ ఉన్న ఏ సాఫ్ట్‌వేర్‌లో తెరిచినా ఒకేలా కనిపిస్తుంది.